బోరు నీటి మరకలూ నలుగురి జట్టూ

హైదరాబాద్ నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాటు అది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. ఇక సొంతదారులు పాలు పొంగించి దిగాలి. అంతకుముందు ఇల్లంతా శుభ్రం చేయించాలని ఒక డీప్ క్లీనింగ్ సంస్థకు పని అప్పగించారు. ఆ పని ఎలా సాగుతుందో చూద్దామని, వాళ్ల అనుమతితో నేనూ వెళ్లాను.

ఉదయం నలుగురు దిగారు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. వెంట నేల రుద్దే యంత్రం, తడినీ పొడినీ పీల్చే వ్యాక్యూమ్, మడత నిచ్చెన, రంగురంగుల మైక్రోఫైబర్ గుడ్డలు. ఎర్ర గుడ్డ టాయిలెట్‌కు, ఆకుపచ్చది వంటింటికి, నీలంది గదులకు. ఒకచోటి గుడ్డ ఇంకోచోట పెట్టడానికి వీల్లేదు. హోటళ్లలో, ఆస్పత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. శుభ్రం చేసే మందుల సీసాలను వీళ్లు నంబర్లతోనే పిలుస్తారు. టాస్కీ బ్రాండ్ ఆర్ సిరీస్‌లో ఆర్2 అన్నిటికీ పనికొచ్చేది, ఆర్3 అద్దాలకు, ఆర్6 కమోడ్‌కు. “అక్కా, సిక్స్ ఇటియ్యి” అంటే సీసా చేతిలోకి వచ్చేస్తుంది.

చీపురు పట్టడానికి ముందే జట్టు పెద్ద కమోడ్‌లలో ఆర్6 పోసి మూతలు వేశాడు. వంటింటి చిమ్నీ ఫిల్టర్లు విప్పి వేడినీళ్లలో నానబెట్టాడు. “మందు పని మందు చేసుకుంటది, ఈలోపు మన పని మనం చేసుకుందాం” అన్నాడు. ఆ తర్వాతే నిచ్చెన ఎక్కారు. ముందు బూజు, ఫ్యాన్లు, ఆపైన అలమరాలు, కిటికీల ట్రాక్‌లు, చిట్టచివర నేల. పొడి పని అయ్యాకే తడి పని. నేల ముందే తుడిస్తే ఫ్యాన్ మీది దుమ్ము మళ్లీ దానిమీదే పడుతుంది మరి.

అసలు పరీక్ష స్నానాలగదిలో ఎదురైంది. ఈ కాలనీలో చాలా అపార్ట్‌మెంట్లకు కుళాయి నీళ్లతోపాటు బోరు నీళ్లూ ఆధారమే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కుళాయిల మీద, టైల్స్ మీద తెల్లగా గడ్డకట్టుకుపోతాయి. ఎంత రుద్దినా గీతలు పడతాయే తప్ప అవి వదలవు. వాటిని కరిగించేది తేలికపాటి ఆమ్లమే.

అదే ఆమ్లం పూజగదిలో పడితే మాత్రం కొంప మునుగుతుంది. అక్కడున్నది పాలరాయి. పాలరాయి కూడా ప్రధానంగా కాల్షియం కార్బొనేటే కాబట్టి మరకతోపాటు రాయి పైపొరా కరిగి మెరుపు పోతుంది. అందుకే ఆ గదిని ఒక ఆమె సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డతోనే తుడిచింది. చిమ్నీ దగ్గరా ఇలాంటి జాగ్రత్తే. జిడ్డు వదిలించే కాస్టిక్ సోడాకు స్టీలు ఫిల్టర్ తట్టుకుంటుంది, అల్యూమినియం నల్లబడి పాడవుతుంది.

ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నూ కలపడం అన్నిటికన్నా ప్రమాదం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆమ్లం అమ్మకాలపై 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. అయినా లేబుల్ లేని సీసాల్లో బాత్రూం యాసిడ్ వీధి బండ్ల మీద దొరుకుతూనే ఉంది. ఈ జట్టు పెట్టెలో అలాంటి సీసా ఒక్కటీ కనపడలేదు.

మధ్యాహ్నం ఇంటావిడ కిటికీ అద్దాలు బయటివైపు కూడా తుడవమన్నారు. జట్టు పెద్ద ఒప్పుకోలేదు. “తాడు, బెల్టు లేకుండ ఐదో అంతస్తుల బయటికి వంగనియ్యను మేడం” అన్నాడు. ఆమె కాస్త నొచ్చుకున్నా, ఆ మాట సబబే.

ఈ నలుగురికీ సంస్థ నెల జీతం ఇస్తోంది. యాప్‌ల ద్వారా వచ్చేవారి సంగతి వేరు. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ వంటి వేదికల్లో పనివాళ్లు సాధారణంగా ఉద్యోగుల లెక్కలోకి రారు. ఇలాంటి గిగ్ కార్మికులను 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ చట్టపరంగా గుర్తించింది. ఇళ్లలో పనిచేసే మహిళలకు మరో రక్షణ ఉంది. పనిచోట లైంగిక వేధింపులను నిషేధించే 2013 చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే చూస్తుంది.

సాయంత్రానికి కుళాయిలు మెరిశాయి. టైల్స్ మధ్య సందుల్లో పాత నలుపు మాత్రం కొంత మిగిలిపోయింది. అది పోవాలంటే గ్రౌట్ తీసి కొత్తగా నింపాలని ముందే చెప్పారు. ఇచ్చిన డబ్బుకు తగిన పనే జరిగింది.

మీరూ ఇలాంటివాళ్లను పిలిచేముందు ఏయే పనులు చేస్తారో, ఏవి చేయరో రాయించుకోండి. ఇంట్లో పాలరాయి ఎక్కడుందో మొదటే చూపించండి. గ్లవ్స్, మాస్కులు తెస్తారా అని అడగండి. రోజంతా మీ బాత్రూంలు కడిగేవాళ్లను ఆ బాత్రూం వాడుకోనివ్వండి, లిఫ్ట్ ఎక్కనివ్వండి.