ఫూఫీ మౌనం సబర్ కాదు

ఉర్దూలో గమ్, ఉదాసీ, మాయూసీ ఉన్నాయి. తెలుగులో దిగులు, బెంగ ఉన్నాయి. మాచర్లలో మా ఫూఫీకి వచ్చినదానికి ఇవేవీ సరిపోలేదు. ఆమె ఏడవలేదు, బాధపడుతున్నానని అనలేదు. మనవరాలి నికాహ్ కుదిరిందని చెబితే "అచ్ఛా" అని ఊరుకుంది. మిరప కల్లంలో కూలీల లెక్కలన్నీ నోటితోనే చెప్పిన మనిషి, దావత్‌కి బియ్యం ఎన్ని నానబెట్టాలో తేల్చుకోలేక కూర్చుండిపోయేది.

ఖాన్‌దాన్‌లో ఒకరు సబర్ అన్నారు. ఒకరు ఈమాన్ తగ్గిందన్నారు. నజర్ తగిలిందని ఇంకొకరు తావీజు కట్టించారు. పదిహేనేళ్లుగా ఆమెకున్న బీపీ, షుగర్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

చివరికి గుంటూరు తీసుకెళ్లాం. న్యూరాలజీ డాక్టర్ ఎమ్మారై ఫిల్మ్‌లో తెల్లటి మచ్చలు చూపించారు. మెదడు లోతుల్లోకి నెత్తురు తీసుకెళ్లే సన్నటి నాళాలు దెబ్బతిన్న గుర్తులవి.

మన బరువులో మెదడు నూటికి రెండు వంతులే. గుండె పంపే నెత్తురులో మాత్రం సుమారు పదిహేను వంతులు దానికే వెళ్లాలి. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, షుగర్ ఆ నాళాల గోడల్ని మొద్దుబారుస్తాయి, దారి ఇరుకవుతుంది. సాగర్ కుడి కాలువ చివరి పొలాలకు నీళ్లందనట్టే, మెదడు లోపలి చివరి కొసలకు నెత్తురు అందదు. నుదుటి వెనక భాగాన్ని లోపలి భాగాలతో కలిపే తీగలు అక్కడే ఉంటాయి. కోరిక, నిర్ణయం, ఖుషీ నడిచే దారులవి. అందుకే కొందరిలో మతిమరుపు బయటపడకముందే మనసు చల్లబడుతుంది. 1997లో అమెరికా డాక్టర్ జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం ఈ ఆలోచనకు 'వాస్క్యులర్ డిప్రెషన్' అని పేరు పెట్టింది.

మన ఇళ్లకు ఒక మంచి ఖబర్ కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మనకిది దౌలతే. కానీ నెత్తురు దారి మూసుకుపోతుంటే ఆ దౌలత్ ఒక్కటే ఎంతకాలం కాస్తుంది?

నాకు నలభై దాటగానే బీపీ వచ్చింది. నడివయసు బీపీ ముసలితనంలో డిమెన్షియా ముప్పును పెంచుతుంది. కాబట్టి ఇది ఫూఫీ ఒక్కదాని కహానీ కాదు. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ ఫలితాల్లో, బీపీ పై అంకెను 120 లోపుకు తేవాలని వైద్యం చేసినవాళ్లలో తొలిదశ జ్ఞాపకశక్తి లోపం తగ్గింది.

మీ ఇంట్లో దాదీ, నానా మాట తగ్గించి, ఇష్టమైన పనులు వదిలేస్తే బుఢాపా అని వదిలేయకండి. బీపీ, షుగర్ చూపించండి. డిప్రెషన్ ఉందేమో డాక్టర్ని అడగండి. డిప్రెషన్ వల్ల వచ్చిన మతిమరుపైతే, వైద్యంతో చాలావరకు తేలికపడవచ్చు. ఊరగాయ, అప్పడాల ఉప్పు తగ్గించండి. రంజాన్‌లో మాత్రలు మానేయకండి. సహరీకి ఏది, ఇఫ్తార్‌కి ఏది అని నెల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. మనసు సంగతి ఎవరితో చెప్పాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు.

ఫూఫీ పోయిన మచ్చలు చెరిగిపోవు. మాత్రలు వేళకు పడుతున్నాయి, సాయంత్రం కోడలు చేయి పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మొన్న కూరలో ఉప్పు తక్కువైందని కోడలితో గొడవ పడింది. ఆ గొడవ విని ఇల్లంతా షుక్ర్ అనుకుంది.