చట్టము మన గడపకు వచ్చు త్రోవ

పార్లమెంటు సమావేశములు జరుగు దినములలో సాయంకాలమున మన యిండ్లలో టెలివిజను పెట్టినచో కనిపించునది కోలాహలము. ఒకరు లేచి కేకలు వేయుదురు. ఒకరు కాగితములు చింపుదురు. సభాపతి కూర్చుండుడని వేడుకొనుచుందురు. సభ మరునాటికి వాయిదా పడును. "ఈ రచ్చ మనకెందుకమ్మాయీ, సీరియల్ పెట్టు" అని అత్తగారనును. కోడలు మీట నొక్కును. వారిరువురిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు. వారికి చూపబడినది రచ్చయే గదా! అదే దినమున, ఆ రచ్చకు ముందో వెనుకనో, వారి పుట్టింటి ఆస్తిని గూర్చియో, పిల్లల పెండ్లి వయస్సును గూర్చియో యొక బిల్లు సభామోదము పొంది యుండవచ్చును. దానిని విప్పి చెప్పువారు అరుదు. సోదరీమణులారా, నేను వ్రాయదలచినది ఆ చెప్పబడని భాగమును గూర్చియే.

బిల్లు చట్టమగువరకు నడచు త్రోవ దీర్ఘమైనది. ఒక సభలో ప్రవేశపెట్టుదురు. ఒక్కొక్కప్పుడు స్థాయీసంఘమునకు పంపుదురు. సెక్షను వెంట సెక్షను చర్చింతురు. రెండవ సభలోను అట్లే జరుగును. రాష్ట్రపతి సమ్మతి లభించును. తుదకు భారత గెజిటులో ప్రకటింతురు. అంతటితో ప్రభుత్వపు వంతు తీరినది. గెజిటులో పడినదానిని దేశమున నందరు నెరిగినట్లే న్యాయస్థానములు భావించును. తెలియదనుట సాకుగా చెల్లదు. ఆ గెజిటు సైతము 2015 నుండి కాగితముపై నచ్చగుట మాని కంప్యూటరు తెరమీదనే వెలువడుచున్నది. ఉదయమున పాలు కాచి, పిల్లలను బడికి పంపి, తీరిక చేసికొని గెజిటు చదువు గృహిణిని నేనింతవరకు చూడలేదు. చూచినచో ఆమెకు నమస్కరింతును.

మరి చట్టమును మొట్టమొదట చదువువారెవరు? నేను గమనించినంతవరకు, దానిని తప్పించుకొనగోరువారు. ఇది నేటి వింత కాదు. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929 సెప్టెంబరులో ఆమోదింపబడినది. బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండవలెనని దాని నియమము. అది అమలునకు వచ్చినది 1930 ఏప్రిల్ 1న. నడుమనున్న ఆ ఆరు నెలలలో దేశమున పసిపిల్లల పెండ్లిండ్లు తొందరతొందరగా జరిగిపోయినవి. 1931 జనాభా లెక్కలలో దాని జాడ స్పష్టముగా కానవచ్చినది. చట్టము వచ్చుచున్నదని తండ్రులకు తెలిసినది, పురోహితులకు తెలిసినది. ఎవరికొరకు చట్టము చేయబడినదో ఆ బాలికలకు మాత్రము, పాపము, పెండ్లిపీటల మీద కునికిపాట్లు పడుటయే తెలియును.

ఆస్తి విషయమునకు వత్తము. హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలునకు వచ్చినది. అంతకుముందు వితంతువునకు భర్త యాస్తి దక్కినను అది అనుభవించుటకే గాని అమ్ముకొనుటకు కాదు. ఆమె తదనంతరము భర్త వారసులకు పోవలసినదే. ఈ చట్టములోని 14వ సెక్షను ఆ కట్టును త్రెంచి, స్త్రీ స్వాధీనమందున్న యాస్తికి ఆమెయే సంపూర్ణ హక్కుదారని పలికినది. పలికినది గాని, యెంతకాలమునకు ఫలించినది? మన ఆంధ్రదేశమున నొక వితంతువునకు 1949లో భర్తృసోదరునితో రాజీ కుదిరి మనోవర్తిక్రింద కొంత ఆస్తి వచ్చినది. ఆమె 1960, 61లలో దానిలో కొంత అమ్మగా, అమ్ముటకు నీకు హక్కు లేదని అతడు దావా వేసెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయి, ఆమెకే సంపూర్ణ హక్కు కలదని 1977లో తేలినది. ఇరువదియొక యేండ్ల క్రిందటనే చట్టములో నున్న మాటను నిలుపుకొనుటకు ఆమె అంత దూరము నడువవలసివచ్చినది.

ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితములో మాత్రము 1956 చట్టము కుమార్తెను కుమారునితో సమానముగా కూర్చుండబెట్టలేదు. ఆ పని ముందుగా చేసినది మన రాష్ట్రమే. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున చేయబడిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనట్లుగా, కుమార్తెకు పుట్టుకతోనే సమానభాగమిచ్చినది. అయితే ఆ తేదీకి ముందే పెండ్లియైన కుమార్తెలకు అది వర్తింపదు. తరువాత పార్లమెంటు చేసిన 2005 సవరణ ఆ భేదమును తీసివేసినది. 2005 సెప్టెంబరు 9 నుండి పెండ్లియైనను కాకున్నను కుమార్తె సమభాగస్వామి. ఆ దినమున తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ తేదీలన్నియు మీకు విసుగు పుట్టించుచుండవచ్చును. కాని చట్టమున తేదీయే ప్రాణము. మా పిన్ని కథ చెప్పెదను; అప్పుడు మీరే యొప్పుకొందురు. ఆమె పెండ్లి 1979లో జరిగినది. కనుక రాష్ట్రపు సవరణ ఆమెను వదలిపెట్టినది. 2005 సవరణ మరల చేరదీసినది. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఆమె తమ్ములకు తెలిసినది. ఎట్లనగా, 2007లో వారు పిత్రార్జితమును పంచుకొనబోయి దస్తావేజు లేఖరి యొద్దకు పోగా, ఇప్పుడు ఆడపడుచుల సంతకములు లేనిదే పంపకము నిలువదని అతడు చెప్పెను. సంక్రాంతికి అక్కను పిలిచిరి. కనుమ గడచిన పిమ్మట సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు తీసికొనిపోయి, నాన్నగారి కాగితములకు సాక్షిసంతకమనిరి. పట్టుచీర, పసుపుకుంకుమల క్రింద ఇరువది వేల రూపాయలు. ఆమె సంతోషముతో వచ్చి ఆ చీరను మాకందరకు చూపినది. ముదురాకుపచ్చ మీద జరీ అంచు.

2020 తీర్పు వార్తాపత్రికలలో వచ్చినప్పుడు ఆమె కోడలు చదివి వినిపించినది. అప్పుడు దస్తావేజు నకలు తెప్పించి వకీలునకు చూపిరి. "అమ్మా, మీ భాగం మీరు ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు ఇందులో రాసి ఉంది. పదమూడేళ్లయింది" అని ఆయన అద్దములు తీసి బల్లమీద పెట్టెను. పిన్ని యేడువలేదు. "ఇచ్చేదాన్నేనేమోనే అమ్మాయీ, తమ్ముళ్లే కదా. కానీ ఇస్తున్నానని తెలిసి ఇచ్చేదాన్ని" అని నాతో అన్నది. దానమునకును దోపిడికిని గల భేదము ఆ తెలివిడియందే యున్నదని నాకప్పుడు తోచినది.

దస్తావేజు లేఖరి వద్దకు పోయిన చట్టము రెండేండ్లలో మా పిన్ని వద్దకేల రాలేదు? వార్తలు వ్రాయువారికి స్వాతంత్ర్యము లేకనా? అట్లనుటకు వీలులేదు. ఇంగ్లండులో 18వ శతాబ్దమున పార్లమెంటు చర్చలను అచ్చువేయుట నేరముగా నెంచబడెడిది. అందుచే నొక మాసపత్రిక ఆ చర్చలను లిల్లిపుట్ అను కల్పితదేశపు సభా చర్చలని పేరు మార్చి ప్రకటించినది. మన దేశమున నట్టి ముసుగు అక్కరలేదు. సభలో జరిగినదానిని ఉన్నదున్నట్లు, దురుద్దేశము లేక ప్రకటించు పత్రికకు రక్షణ నిచ్చుచు ఫిరోజ్ గాంధీ ప్రతిపాదించిన బిల్లు 1956లో చట్టమైనది. హిందూ వారసత్వ చట్టమును ఆ యేటిదే. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, దానిని రద్దుచేసిరి. 1977లో మరల తెచ్చిరి. 1978 నాటి 44వ సవరణతో ఆ రక్షణ రాజ్యాంగములోనికే చేరినది. నేడు రెండు సభల కార్యక్రమములను చూపుటకు సంసద్ టీవీ అని ప్రత్యేకముగ నొక ప్రసారమే యున్నది. ద్వారము తెరచియే యున్నది. లోనికి పోయినవారు బయటికి తెచ్చుచున్నది మాత్రము ఎవరు ఎవరిని తిట్టిరను ముచ్చట.

2023 సెప్టెంబరులో చట్టసభలలో స్త్రీలకు మూడవవంతు స్థానములను కేటాయించు రాజ్యాంగ సవరణ ఆమోదము పొందినప్పుడు మా వీధిలో పాలకోవా పంచిరి. నేనును తింటిని, బాగుగనే యున్నది. కాని తరువాతి జనాభా లెక్కలు, వాటిననుసరించి నియోజకవర్గముల పునర్విభజన జరిగినమీదటనే యిది అమలగునని ఆ శాసనమందే వ్రాయబడి యున్నదని చెప్పగా, ఆ ముంగిట నున్న పదునాలుగుగురిలో ఇరువురికే తెలిసియుండెను. 2024 ఎన్నికలలో మన స్థానములేవని తక్కినవారు వెదకుకొనిరి.

చదివినవారుండినచో ఏమగునో 2005 సవరణయే చూపుచున్నది. 1956 చట్టపు 4వ సెక్షనులోని యొక యుపవిభాగము వ్యవసాయ భూములను రాష్ట్రముల కౌలు చట్టములకు వదలివేయుటచే పెక్కు రాష్ట్రములలో కుమార్తెలకు పొలము దక్కకుండెను. ఆర్థికశాస్త్రవేత్త బీనా అగర్వాల్‌గారును, ఆమెతో కలిసినవారును బిల్లు ఇంకను పార్లమెంటులో నుండగనే దానిని చదివి, ఈ యుపవిభాగమును తీసివేయవలెనని పట్టుపట్టిరి. తీసివేయబడినది. చట్టమైన పిమ్మట చేసిన విలాపము కాదది. చట్టము కాకముందు చేసిన పని.

ఇంకొక చిన్న విషయము. ఆ సవరణలో 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకములను మాత్రమే కదలింపరాదని కలదు. అది బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడిన దినము. అటుపిమ్మట హడావుడిగా పంచుకొన్నను చెల్లదన్నమాట. 1930 నాటి తొందరపెండ్లిండ్ల వంటివి ఇచ్చట జరుగకుండునట్లు ఈసారి ముందే గొళ్లెము వేసిరి. ఎవరు ముందుగా చదువుదురో పార్లమెంటునకును తెలియును కాబోలు.

భాష యొక చిక్కు. కేంద్రచట్టముల తెలుగు పాఠములను రాష్ట్రపతి యధికారముతో ప్రకటించి ప్రామాణికములు చేయుటకు 1973లోనే యొక చట్టము వచ్చినది. అట్టి పాఠములు కొన్ని నేను చూచితిని. అవి తెలుగే, కాని వానిని మరల తెలుగులోనికి మార్చుకొనవలసి యుండును. కనుక మా వీధివారము ఆరేడుగురము శనివారము మధ్యాహ్నములందు కూడి, మాలో కళాశాలలో చదివిన పిల్ల ఇంగ్లీషు చదువుచుండ, ఇది యెవరికి, యే తేదీనుండి, ఏ కార్యాలయమున అడుగవలెను అని మా మాటలలో వ్రాసికొనుచున్నాము. 2005 సవరణ ఏడు సెక్షనులే. రెండు శనివారములలో ముగిసినది, నడుమ టీ త్రాగుటతో కూడ.

23వ సెక్షను రద్దైనదని చదివినప్పుడు వెనుక వరుసలోని యొక పెద్దావిడ చేయెత్తినది. మగవారసులు పంచుకొనదలచువరకు కాపురమున్న యింటిలో తన భాగమును ఆడుబిడ్డ వేరుచేయుమని అడుగరాదని ఆ సెక్షను చెప్పెడిది. "అంటే మా అన్నయ్య ఇల్లు పంచుకుందాం అనేదాకా నేను ఆగక్కర్లేదా?" అని అడిగినది. అక్కరలేదంటిమి. "ఎప్పటినుంచి?" తేదీ చెప్పితిమి. ఆమె దానిని కరపత్రమొకదాని వెనుక వ్రాసికొని, వచ్చు శనివారమునకు తండ్రిగారి దస్తావేజు నకలును, ఈసీయు తెచ్చెదనని చెప్పి లేచినది.