పామేడు పాస్టరు ఏం చదవాలి?

చాలా ఏళ్లపాటు పామేడుకు సొంత జిల్లా కేంద్రం కన్నా పక్క రాష్ట్రంలోని సంతే దగ్గర. బీజాపూర్‌లో పనిబడిన మనిషి అడవిని దాటలేక తెలంగాణలోకి దిగి, చర్ల, భద్రాచలం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చేది. బడిలో పాఠం హిందీ, ఇంట్లో మాట దోర్ల, సంతలో బేరం తెలుగు. బస్తర్ దక్షిణపు అంచున బతుకు ఈ మూడింటి మధ్య నడుస్తుంది. ఇలాంటి చోట పదో పదిహేనో కుటుంబాల క్రైస్తవ సంఘాన్ని నడిపే పాస్టరు నాయకత్వం గురించి, సంఘాభివృద్ధి గురించి ఏం చదవాలి? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ జవాబు తప్పితే నష్టపోయేది పాస్టరు ఒక్కడే కాదు. ఆయన మాట విని వచ్చిన కుటుంబం కూడా.

ఈ విషయం ఎత్తగానే వినిపించే పేర్లు కొన్ని ఉన్నాయి. అమెరికా పాస్టరు రిక్ వారెన్ 1995లో రాసిన 'ద పర్పస్ డ్రివెన్ చర్చ్', జాన్ మాక్స్‌వెల్ 1998లో తెచ్చిన 'ద 21 ఇర్రిఫ్యూటబుల్ లాస్ ఆఫ్ లీడర్‌షిప్' వాటిలో ముందుంటాయి. అవి పనికిరాని పుస్తకాలేమీ కావు. సంఘం ఎందుకుందో ముందు తేల్చుకోవాలి, నాయకుడు తన మాటకు తాను కట్టుబడాలి, పనిని నలుగురికీ పంచాలి... ఈ మాటలు ఎక్కడైనా చెల్లుతాయి. కాకపోతే వారెన్ సంఘం పెరిగింది కాలిఫోర్నియా శివారు కాలనీల్లో. అక్కడ ఒక కుటుంబం చర్చి మారితే పక్కింటివారికి పట్టదు. బస్తర్‌లో ఒక ఇల్లు కొత్త ప్రార్థన మొదలుపెడితే అది ఊరందరి విషయం. పండగ చందా ఇస్తారా, ఇవ్వరా? పెళ్లికి పిలవాలా, వద్దా? మనిషి పోతే ఎక్కడ పూడ్చాలి? ఆ 21 సూత్రాల్లో ఏ ఒక్కటీ ఈ ప్రశ్నల జోలికి పోదు.

విచిత్రమేమిటంటే, 'చర్చ్ గ్రోత్' పేరుతో ప్రపంచమంతా తిరుగుతున్న సిద్ధాంతానికి పుట్టిల్లు ఈ ప్రాంతమే. దానికి ఆద్యుడైన డొనాల్డ్ మెక్‌గావ్రన్ ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో 1897లో మిషనరీల ఇంట పుట్టాడు. ఆయన పనిచేసిన మిషన్‌లో సుమారు 80 మంది మిషనరీలు, అయిదు ఆస్పత్రులు, హైస్కూళ్లు ఉండేవి. అర్ధ శతాబ్దం పనిచేశాక చూస్తే మిగిలినవి ఇరవై ముప్ఫై చిన్న సంఘాలు. ఎందుకిలా అన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. జె. వాస్కమ్ పికెట్ తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో పలుచోట్ల సర్వే చేసి 1933లో వెలువరించిన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' ఆయనకు దారి చూపింది. తర్వాత ఛత్తీస్‌గఢ్ మైదానంలో సత్నామీల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 1955లో 'ద బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్', 1970లో 'అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్' రాశాడు. తన మీద మెక్‌గావ్రన్ ప్రభావం ఉందని వారెనే చెప్పుకున్నాడు. అంటే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుట్టిన ప్రశ్న సముద్రం దాటి, ముస్తాబై, మళ్లీ ఇక్కడికే శిక్షణగా దిగుమతి అవుతోందన్నమాట.

మెక్‌గావ్రన్‌ను చదివేవారు ముందుగా ఆయన సొంత లెక్క తెలుసుకోవాలి. సత్నామీల మధ్య 17 ఏళ్ల శ్రమకు దక్కింది దాదాపు వెయ్యి మంది, పదిహేను దాకా చిన్న సంఘాలు. సంఘాభివృద్ధికి సిద్ధాంతం కట్టినవాడి చేతికందిన పంట అంతే. దాన్ని ఆయన దాచుకోలేదు. నెలనెలా రిపోర్టులో అంకె పెంచి చూపాల్సిన పాస్టరుకు ఈ ఒక్క సంగతి ఇచ్చే ఊరట ఏ శిక్షణ తరగతీ ఇవ్వదు.

ఇక ఆయన సిద్ధాంతం. మనుషులు తమ కులాన్ని, భాషను, బంధువుల్ని వదులుకోకుండా రాగలిగితేనే వస్తారన్నది దాని సారం. ఒక్కొక్కరిని బయటికి లాగితే వచ్చినవాడు ఒంటరి అవుతాడు, ఊరు తలుపు మూసుకుంటుంది. బంధుత్వాలే వంతెనలు, వాటిని కూల్చవద్దు అన్నాడాయన. నిర్ణయాలన్నీ ఊరు కూర్చుని తీసుకునే గిరిజన సమాజంలో ఈ మాటకు బరువుంది. అయితే ఇందులో ఒక ముల్లూ ఉంది. ఎవరి కులంతో వారే సంఘంగా ఉంటే పెరుగుదల సులువే. కానీ కులం గడప దాటని సంఘం దేనికి పెరిగినట్టు? ఆయన పుస్తకాలపై దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా ఇక్కడే.

వంతెన కూలితే ఏమవుతుందో చూడటానికి బస్తర్ దాటి పోనక్కర్లేదు. 2022 డిసెంబరులో నారాయణపూర్ ప్రాంతంలో క్రైస్తవులైన గిరిజన కుటుంబాలు ఊళ్లు విడిచి తలదాచుకోవాల్సి వచ్చింది. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చిని ధ్వంసం చేశారు. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీకి తలపై గాయమైంది. 2025 జనవరిలో బస్తర్ జిల్లా ఛింద్‌వాడాలో ఒక పాస్టరు చనిపోతే ఊళ్లో పూడ్చనివ్వలేదు. తమ ఇంట్లో అంతకుముందు పోయినవారిని అక్కడే పూడ్చామని కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. సొంత పొలంలో పూడ్చుకోవచ్చని జస్టిస్ నాగరత్న, కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ అన్నారు. మృతదేహం అప్పటికి మూడు వారాలుగా మార్చురీలో ఉంది కాబట్టి, ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవ శ్మశానంలో అంత్యక్రియలు జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఇందులో తప్పు ఎవరిదో రాజ్యాంగంలోని 25వ అధికరణం చదివితే తెలుస్తుంది. నచ్చిన విశ్వాసంతో బతికే హక్కు ఊరి అనుమతితో వచ్చేది కాదు. అయినా హక్కు ఉండటం వేరు, ఆ హక్కుతో ఊళ్లో రేపు పొద్దున బతకటం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడమే పామేడు లాంటి చోట నాయకత్వం. ఆ పని నేర్పే పుస్తకాలు తెలుగు నేలలోనే ఉన్నాయి. చాలావరకు ఇంగ్లీషులో, లైబ్రరీల అరల్లో.

మొదటిది ఒంగోలు కథ. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1914లో వచ్చిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'లో దాన్ని చెప్పాడు. ఆయన భార్య ఎమ్మా 1899లోనే 'వైల్ సూయింగ్ శాండల్స్' రాసింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న అంకెను అందరూ చెప్పుకుంటారు. దాని వెనక ఉన్న రెండు సంగతులను మాత్రం వదిలేస్తారు. ఒకటి, కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించిన క్లౌ, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. రెండు, ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. అసలు ఆ ఉద్యమానికి బీజం వేసింది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. అప్పటికే రాజయోగ గురువుగా చుట్టుపక్కల పేరున్నవాడు. ఆయనా, భార్య నాగమ్మా కాలినడకన చుట్టాల ఊళ్లు తిరిగారు. మెక్‌గావ్రన్ తర్వాత ఎప్పుడో పేరుపెట్టిన వంతెన పేరయ్య చుట్టరికమే.

రెండోది దోర్నకల్. తిరునల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసే నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. వారిలో అత్యధికులు పల్లెల్లోని మాలలు, మాదిగలు. సంఘాలను నడిపింది వేలకొద్దీ పల్లె పంతుళ్లు, వారి భార్యలు. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వదిలించడమే సంఘం పని అనేవాడాయన. మాలలూ మాదిగలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని పట్టుబట్టాడు. తేలిగ్గా జరిగిన పని కాదది, పూర్తిగా జరిగిందీ కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. సంఘం ఓట్ల కుప్పగా మారితే పొరుగువాడికి శత్రువైపోతుందని ఆయనకు తెలుసు. అలాంటివాడికీ మతమార్పిడిపై గాంధీజీతో పడలేదు. ఆ వాదాన్ని రెండువైపుల నుంచీ తెలుసుకోవాలంటే సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మా' చదవాలి. విమర్శకుడి మాట చదవని పాస్టరు ఊరి పెద్దకు జవాబు చెప్పలేడు.

మూడోది పామేడుకు మరీ దగ్గర. చర్ల నుంచి గోదావరి వెంట దిగువకు వస్తే దుమ్ముగూడెం. 1860ల మొదట్లో నది మీద పడవ దారి పనులు చూసే ఇంజినీరు హేగ్, ఆయన ఆఫీసులో పనిచేసి క్రైస్తవుడైన వెంకట్రామరాజు కలిసి అక్కడ కోయల మధ్య పని మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల పెళ్లిళ్లు, చావులు, దేవతల గురించి 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు. లూకా సువార్త ఆ శతాబ్దంలోనే కోయ భాషలోకి వచ్చింది. ఒంగోలులో మాదిరి వేలమంది మాత్రం రాలేదు. అడవికి మైదానం లెక్కలు పనికిరావన్నది ఇక్కడి పాఠం. ఎదుటివాడి భాష, ఆచారం నేర్చుకోకుండా బోధకుడు నోరెత్తరాదన్నది ఇంకో పాఠం.

నాలుగోది చదివితే కాస్త బాధ కలుగుతుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతంలోని జంగరాయి పరిసర సంఘాలను 1959లో పరిశీలించి, 1968లో 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' ప్రచురించారు. ఒక గురువు చేతిలో లెక్కకు మించిన ఊళ్లు, అరుదుగా అందే సంస్కారం, ఊరి పండగల్లో ఒక కాలు, గుడిలో ఒక కాలు వేసి బతికే విశ్వాసులు... ఉన్నది ఉన్నట్టు రాశారు. యాభై ఏళ్ల తర్వాత కార్మన్, చిల్కూరి వసంతరావు అవే ఊళ్లకు వెళ్లారు. వారి పుస్తకం 2014లో వచ్చింది. కొన్నిచోట్ల పాత సంఘాలు వాడిపోయాయి. మరికొన్నిచోట్ల స్వస్థత ప్రార్థనలతో కొత్త సంఘాలు లేచాయి. ఒక తరం బాప్తిస్మాల లెక్క రెండో తరానికి హామీ కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇన్ని పుస్తకాలు పామేడు దాకా ఎవరు మోస్తారు, ఎవరు చదువుతారు అన్నది న్యాయమైన ప్రశ్నే. సంఘంలో చదువు రానివారు ఎందరో ఉంటారు. అందుకే చర్ల, భద్రాచలం, జగ్‌దల్‌పూర్‌లలో శిక్షణ ఇచ్చేవారి మీద ఒక బాధ్యత ఉంది. సూత్రాల పుస్తకం పంచే ముందు పేరయ్య కథను, దుమ్ముగూడెం కథను ఇరవై పేజీల తెలుగులోకి తేవాలి. వీలైతే దోర్లలో చదివి వినిపించాలి. అంతవరకూ ప్రతి పాస్టరు చేతిలో ఉన్న పుస్తకం ఒకటుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. సంఘం పెరిగినప్పుడు వచ్చిన తొలి తగాదా అన్నం పంపకం మీద. వేరే భాషవాళ్ల విధవరాండ్రకు అందటం లేదన్న ఫిర్యాదు అది. పరిష్కారానికి ఎంచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవారి వైపు మనుషులకే గరిటె అప్పగించారన్నమాట. తెలుగు వచ్చిన పాస్టరు దోర్ల కుటుంబాలను నడిపే చోట ఇంతకు మించిన నాయకత్వ పాఠం ఏముంటుంది?

సంఘాల వార్షిక నివేదికల్లో గళ్లు ఎప్పుడూ ఉండేవే: బాప్తిస్మాలు, హాజరు, కానుకలు. ఈ పుస్తకాలన్నీ చదివిన పాస్టరు ఆ కాగితం మీద ఇంకో రెండు గళ్లు గీసుకుంటాడు. ఈ ఏడు సంఘంలోని ఎన్ని ఇళ్లను ఊరు పెళ్లిళ్లకు పిలిచింది? ఎంతమంది పొరుగువాళ్లు మన చావుకు వచ్చి పాడె పట్టారు? ఆ అంకెలు పెరుగుతున్న సంఘం పది ఇళ్లదైనా పెరుగుతున్నట్టే.