చిన్నాయన పాత ల్యాప్‌టాప్‌కు కొత్త వెలుగు

మా కామాటిపురలో తెలుగువాళ్ళ పెండ్లి అంటే పత్రిక తెలుగులోనే ఉండాలి. భవనాలు, రోడ్లు కట్టే కూలిపనికి తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కామాటీల పేరుతోనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఇంట్లో మాటల్లో హిందీ, మరాఠీ ఎంత కలిసినా, పత్రిక మీద పేర్లు తెలుగు అక్షరాల్లో చూసుకోవాలని పెద్దవాళ్ళకు ఆశ. ఆ పత్రికలను మా చిన్నాయన తన పాత ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తాడు.

అది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. "కొత్తది కొనరాదు?" అని అందరూ అంటారు. కానీ అందులో ఉన్నవి అను ఫాంట్ల వంటి పాతరకం ఫాంట్లు. అవి యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కొత్తది కొంటే అన్నీ మళ్ళీ కొనాలి. ఇన్నేళ్ళ పని కూడా దాంట్లోనే ఉంది.

పోయిన మాఘమాసం పెండ్లిళ్ళకు ముందు దాని తెర కొన్నాళ్ళు ఎర్రగా వెలిగి, ఒకరోజు చీకటైపోయింది. ఒక దుకాణంలో చూపిస్తే "భంగార్‌లో వేసేయండి" అన్నారు. చేతిలో మూడు పత్రికల పని ఉంది, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఆ రాత్రి చిన్నాయన సరిగ్గా అన్నం తినలేదు.

మరునాడు ఇద్దరం లామింగ్టన్ రోడ్డుకు నడిచి వెళ్ళాం. ఎలక్ట్రానిక్స్ సామానుకు ముంబైలో పేరున్న ఆ బజారు మాకు దగ్గరే. అక్కడ ఒక మెకానిక్ భాయ్ టార్చి తీసి తెర మీద ఏటవాలుగా వేశాడు. మసకమసకగా చిన్నాయన ఫైళ్ళ పేర్లు కనిపించాయి! "బొమ్మ వస్తోంది. వెనక దీపమే పోయింది" అన్నాడు.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు ఉండదు. వెనక నుంచి వచ్చే కాంతిని అది కొన్నిచోట్ల వదులుతుంది, కొన్నిచోట్ల ఆపుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఆ కాంతి కోసం సన్నని ట్యూబ్‌లైట్ వంటి సీసీఎఫ్ఎల్ దీపం పెట్టేవారు. దాన్ని వెలిగించడానికి ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు వందల వోల్టులు తయారుచేస్తుంది. 1989లో యాపిల్ తెచ్చిన మాకింటోష్ పోర్టబుల్‌కైతే వెనక వెలుగే లేదు. 1991 మోడల్‌లో పెట్టారు.

మొత్తం తెర మార్చాలంటే అదే కొలత, అదే రిజల్యూషన్, అదే కనెక్టర్ దొరకాలి. బయట మానిటర్ తగిలించవచ్చు గానీ మా ఖోలీలో దానికి చోటేది? అందుకే మెకానిక్ పాత దీపం తీసి ఆ గాడిలో ఎల్‌ఈడీ పట్టీ అమర్చాడు. ఇన్వర్టర్ బదులు ఎల్‌ఈడీ డ్రైవర్ బోర్డు కలిపాడు. దీపంలో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా తీశాడు. తెల్లరంగు ఇప్పుడు కొంచెం నీలంగా కనిపిస్తుంది, కానీ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

ఇంటికి రాగానే చిన్నాయన ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మూడు పత్రికలూ ముహూర్తాలకు ముందే అచ్చయ్యాయి. "నీకు ఒత్తులు బాగా తెలుసు కదా బిడ్డా, ఒకసారి చూడు" అని ఇప్పుడు ప్రతి పత్రికా నాకు చూపిస్తున్నాడు.

మిత్రులారా, మీ ఇంట్లో పాత కంప్యూటర్ తెర చీకటైతే, భంగార్‌కు ఇచ్చే ముందు ఒక్కసారి టార్చి వేసి చూడండి. కానీ లోపల ఎక్కువ వోల్టేజి ఉంటుంది, మీరే విప్పకండి. తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి.