రన్‌వే పక్కన గడ్డి

30 మే 2020

మిడతల దండు మీద విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సూచనలు వచ్చాయి. దండు కనబడితే విమానాల రాకపోకలు చూసే ఏటీసీ పైలట్లకు చెప్పాలి, వాళ్లు దాంట్లోంచి పోకూడదు. ఇంజిన్లోకి, వేగం కొలిచే గొట్టాల్లోకి పురుగులు దూరతాయని భయం. ఆఫీసులో అందరికీ రాజస్థాన్ దండు గురించే బెంగ. నాకు మన రన్‌వే పక్క గడ్డిలో ఉన్న మిడతల గురించి, వాటికోసం వచ్చే పక్షుల గురించి. లాక్‌డౌన్లో కోత లేక మోకాలెత్తు పెరిగింది.

4 జూన్

కోత మొదలైంది. ట్రాక్టర్ కదిలిందో లేదో వెనకాలే కొంగలు. బ్లేడుకు బెదిరి మిడత ఎగిరితే చాలు, మళ్లీ నేలకు దిగేలోపే ముక్కున పడుతోంది. కొంగల్ని తోలడానికి టపాసు పేల్చాం. లేచి, రన్‌వే మీదుగా ఒక చుట్టు తిరిగి, అక్కడే వాలాయి. అంటే గడ్డిలో ఉన్న ముప్పును మేమే రన్‌వే మీదికి తోలామన్నమాట! కోత ఇకపై ఆఖరి విమానం వెళ్లాకే పెట్టమని రాసిచ్చాను.

12 జూన్

రాత్రి తొలకరి. సాయంత్రం ఉసిళ్లు లేచాయి. కంచె పక్కన చెదపుట్ట దగ్గర కూర్చుని చూశాను. సన్నటి పగులు, అంచున పెద్ద తలల చెదలు కాపలా, లోపల్నుంచి రెక్కల పురుగులు తోసుకుంటూ బయటికి. కాసేపట్లో పైన గద్దలు. గద్ద కిందికి దిగదు. గాల్లోనే కాలితో పట్టి, ఎగురుతూనే నోట పెట్టుకుంటుంది. దాని ధ్యాసంతా పురుగు మీదే, వచ్చే విమానం దానికి పట్టదు. ఇంజిన్ బ్లేడు వంచేది ఉసిలి కాదు, దానికోసం వచ్చిన అరకిలో గద్ద. ఏటీసీకి చెబితే ఒక టేకాఫ్ ఆపారు.

చీకటి పడ్డాక దీపాల కింద రెక్కలే రెక్కలు. మా ఊళ్లో అయితే ఈపాటికి వేయించుకు తినేవాళ్లు.

15 జూన్

మీటింగ్. ఇంకో నాలుగు పెట్టెల టపాసులు కొంటారట. నేనడిగింది వేరు: వానలకు ముందే పుట్టలు తవ్వించడం, పురుగులు మూగని దీపాలు పెట్టడం. ఈ బెడద కొత్తది కాదు: పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1980ల్లోనే మన విమానాశ్రయాల్లో పక్షుల బెడదను పరిశీలించింది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోయడం, చెత్త పారబోయడం నిషేధమని రూలూ ఉంది. బయటి వాళ్లకు ఆ రూలు చూపించే ముందు కంచె లోపలి తిండి సంగతి మేం చూసుకోవాలి. పుట్టలు తవ్వే పని వచ్చే మే నెల దాటకూడదు.