తుంటి కీలులో కనిపించని అరుగుదల: కొలతను మార్చే దృఢత్వం

తుంటి కీలు మార్పిడి చేయించుకోబోయేవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇది ఎన్నాళ్ళకు అరుగుతుంది?" వారి దృష్టిలో ఉన్నది గోళమూ, అది తిరిగే గిన్నె. నేను చెప్పదలచినది వేరొక చోటును గురించి. ఎముకలో దిగిన లోహపు కాడ కొసన 'టేపర్' అనే సన్నని మెడ ఉంటుంది. గోళాన్ని దానిపై ఉంచి సుత్తితో కొట్టి బిగిస్తారు. బిగిసినదిక కదలదనుకుంటాము. కాని మీరు వేసే ప్రతి అడుగుకూ ఆ అతుకులో కొన్ని మైక్రాన్ల కదలిక కలుగవచ్చును. లోహంపై రక్షణగా నిలిచే ఆక్సైడు పొర రాలుతుంది, మళ్ళీ ఏర్పడుతుంది, మళ్ళీ రాలుతుంది. శరీర ద్రవం తోడై తుప్పు మొదలవుతుంది. దీనినే ఇంజనీర్లు ఫ్రెటింగ్ అంటారు. 1911లోనే ఈడెన్, ఆయన సహచరులు పరీక్షాయంత్రపు పట్టులలో ఇటువంటి గోధుమరంగు పొడిని గుర్తించారు.

నా తుంటిలోనూ అటువంటి అతుకు ఒకటి ఉన్నందున, విశ్రాంత జీవితంలో దీనిని కాస్త శ్రద్ధగా చదివాను. ప్రయోగశాలలో దీనిని కొలిచే తీరులో ఒక చిక్కు కనిపించింది.

ఒక బండరాతికి ఇనుపకడ్డీ కట్టి లాగండి. చేయి ఎంత కదిలితే రాయి దాదాపు అంత కదులుతుంది. రబ్బరు తాడు కట్టి లాగండి. చేయి జానెడు వెనక్కు వచ్చినా రాయి కదలకపోవచ్చును. ఫ్రెటింగ్ యంత్రమూ అంతే. సెన్సారు చూపే కదలికలో కొంత నిజమైన జారుడు, మిగిలినది యంత్రపు చేతులు, పట్టులు, లోహపు తునకలు సాగడం. ఘర్షణబలం 100 న్యూటన్లు, యంత్రం ఇచ్చే కదలిక మధ్యస్థానం నుండి ఇరువైపులా 50 మైక్రాన్లు అనుకోండి. మొత్తం అమరిక దృఢత్వం మైక్రానుకు 10 న్యూటన్లయితే సాగుడుకు 10 పోయి 40 మైక్రాన్లు జారుతుంది. అది 2.5 న్యూటన్లయితే జారేది 10 మాత్రమే. 2 న్యూటన్లయితే పూర్తి జారుడే ఉండదు. కదలికంతా సాగుడులోనే కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. జారినది 10 అయినా, అరిగిన లోహాన్ని 50 మైక్రాన్ల ప్రయాణంతో భాగిస్తే అరుగుదల రేటు ఐదోవంతుగా కనిపిస్తుంది. లోహం మంచిదై కాదు, యంత్రం మెత్తనిదై! అందుకే జాగ్రత్తగల పరిశోధకులు బలాన్నీ స్థానభ్రంశాన్నీ కలిపి ఒక వలయంగా గీస్తారు. దాని ఏటవాలు అంచు దృఢత్వాన్ని చెబుతుంది. బలం సున్నా అయినచోట వలయపు వెడల్పు అసలు జారుడును చెబుతుంది. ఎంత దృఢమైన అమరికలో పరీక్షించారో తెలియని రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి ఏది మేలని తేల్చడం నాకు సమ్మతం కాదు.

ఇది యంత్రాల గొడవ మాత్రమే అనుకోకండి. మన రక్తపోటు కొలతలోనూ ఈ ఇబ్బందే ఉన్నది. సున్నం పేరుకుని బిరుసెక్కిన ధమనిని నొక్కడానికి కఫ్‌కు ఎక్కువ ఒత్తిడి కావాలి. కొందరు వృద్ధులలో అంకె అసలుకంటే హెచ్చుగా వస్తుంది. మందు వేసుకున్నాక కళ్ళు తిరిగే పెద్దలలో ఈ అనుమానం ఉంచుకోవడం మంచిది.

కీలు సంగతికి వస్తే, పరీక్షలో కాడను గట్టి దిమ్మెలో బిగిస్తారు. మన తొడ ఎముక అంత గట్టిది కాదు. టైటానియం మిశ్రమానికి కోబాల్ట్-క్రోమియంలో సగం దృఢత్వమే ఉంటుంది. మెడ సన్నబడినకొద్దీ వంగుడు పెరుగుతుంది. గోళం పెద్దదైనకొద్దీ అతుకుపై మెలిక పెరుగుతుంది.

కనుక ఏళ్ళ తరబడి హాయిగా నడిచినవారికి గజ్జలలో కొత్తగా నొప్పి, వాపు వస్తే వయసు మీదకు నెట్టివేయకండి. ఎక్స్‌రేతో పాటు, కోబాల్టు మిశ్రమపు భాగాలున్నవారు రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్ష అవసరమేమో వైద్యుని అడగండి. లోహంపై లోహం తిరిగే కీళ్ళ విషయంలో బ్రిటన్ నియంత్రణ సంస్థ 2010లో లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తపడాలని సూచించింది. మీ కీలు ఏ లోహమో, గోళం ఎన్ని మిల్లీమీటర్లదో శస్త్రచికిత్స కాగితాలకు అంటించిన స్టిక్కర్లలో ఉంటుంది. ఆ కాగితాల నకలు ఒకటి ఇంట్లో మరొకరి వద్ద కూడా ఉంచండి.