గ్యాసు గోలి, జఠరరసము

మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములనుండి నల్గొండకు నా యొద్దకు వచ్చు ముదుసలులు మొదట చెప్పునది మోకాళ్ల సంగతి. ఫ్లోరైడు నీరు చిరకాలము త్రావి బిగిసిపోయిన కీళ్లకు నొప్పుల గోలి, అది రేపిన కడుపుమంటకు పరగడుపున గ్యాసు గోలి, ఇట్లు ఒకదాని వెంట నొకటి ఏండ్ల తరబడి మ్రింగుచు, ఆ రెండవదానిని మందుగానే లెక్కింపకుండుట ఇచ్చటి వాడుక.

అట్టివారిలో ఏబది దాటిన రైతొకడు, అన్నను ‘కడుపుల గడ్డ’ తీసికొనిపోయినదన్న భయముచేత హైదరాబాదులో రక్తపరీక్ష చేయించుకొని, పెప్సినోజెన్ అంకెలు బాగున్నవన్న కాగితమును నా బల్లపై పెట్టెను.

పెప్సిన్ అను జీర్ణ ఎంజైమును 1836లో ష్వాన్ కనుగొనెను. దాని పూర్వరూపమైన పెప్సినోజెన్‌లో మొదటి రకము జఠరపు పై, నడిమి భాగముల గ్రంథులలోనే పుట్టును. రెండవది జఠరమంతటను, ఆంత్రమూలమునందును పుట్టును. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ తెచ్చిన హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి, జఠరపు లోపొరను మెల్లమెల్లగా క్షీణింపజేయగా, మొదటిది తగ్గి, రెండవది నిలిచి, రెంటి నిష్పత్తి పడిపోవును. మొదటిది మిల్లీలీటరునకు 70 నానోగ్రాములు, నిష్పత్తి 3, ఈ రెంటికిని లోబడినవారిని జపాను వైద్యులు జఠర క్యాన్సరు అపాయమునకు దగ్గరివారుగా ఎంచిరి. చెలక సారము చెడినదని ఈ పరీక్ష చెప్పగలదు గాని, కలుపు మొలచినదని చెప్పజాలదు.

“ఏమన్న మందులు వాడుతున్నవా?” అని అడిగితిని.

“నొప్పుల గోలి తప్ప ఏం లేవు సారూ. పొద్దుగాల ఒక్క గ్యాస్ గోలి, గంతే.”

ఈ గ్యాసు గోలి యనబడు ఒమెప్రజోల్ జాతి గోలీలు రక్తమున పెప్సినోజెన్‌ను పెంచి, క్షీణించిన జఠరమునకు గూడ ఆరోగ్యవంతుని అంకెను తగిలింపగలవు. అంతేగాక, సూక్ష్మజీవిని అణచియుంచి, దానిని పట్టు యూరియేస్ పరీక్షను సయితము మోసగించును. రెండు వారములు గోలి మాన్పించి ఎండోస్కోపీ చేయగా, లోపొర పాలిపోయి అడుగు రక్తనాళములు పైకి తేలి కనబడెను. నువ్వుగింజంత ముక్కను పసుపుపచ్చని యూరియేస్ పరీక్షా ద్రావణములో వేసితిని. ముక్క అంచున లేగులాబి చాయ తోచి, టీ త్రాగి వచ్చునంతలో అంతయు రాణిరంగునకు తిరిగెను. మరల చేయించిన రక్తపరీక్షలో నిష్పత్తి మూడింటికి దిగువ! సూక్ష్మజీవికి పదునాలుగు దినముల చికిత్స చేసి, మూడేండ్లకొకసారి ఎండోస్కోపీకి రమ్మంటిని. నొప్పుల గోలీలు మానుమన్నప్పుడు మాత్రము అతడు మోకాళ్లవైపు చూచి ఊరకుండెను.

అంకెలు నిజమే చెప్పినను చాలని సందర్భమొకటి దేవరకొండ దిక్కున ఎదురయ్యెను. ముప్పది యేండ్ల ఇల్లాలు, ఏ గోలియు ఎఱుగదు, పెప్సినోజెన్ నిక్షేపముగా ఉన్నది. అయినను తిన్నదెల్ల వాంతియై చిక్కిపోయెను. జఠరకుడ్యమంతయు గట్టిపడిన క్యాన్సరది. క్షీణతతో పనిలేకయే పుట్టగలది. ఆమెను హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి పంపితిని.

రక్తపరీక్ష కోరివచ్చువారిని, ఇంట నున్న గోలీల రేకులన్నియు సంచిలో వేసికొని రమ్మని చెప్పి, చూచిన పిమ్మటనే చీటీ వ్రాయుచున్నాను. వాంతులు, చిక్కిపోవుట, నల్లని విరేచనము ఉన్నచో ఆ చీటీయు లేదు, నేరుగా ఎండోస్కోపీయే.